బోణీ ధర

వారం 1, మంగళవారం

వంకాయలు కిలో 310. ఆనపకాయ ఒకటి 180. ఉల్లిపాయలు కిలో 265. కందిపప్పు కిలో 940. ఎండు నెత్తళ్ళు పావుకిలో 520. మిగతా తొమ్మిదీ కలుపుకుని పధ్నాలుగు సరుకుల బుట్ట 6,120. పోయిన వారం కంటే పాతిక రూపాయలు తక్కువ. బేరమంటే నాదే బేరం.

ఈ పుస్తకం ధరల మండలివాళ్ళ కోసం కాదు. వాళ్ళకి పంపే ఫారంలో వ్యాఖ్య రాయడానికి ఒక గడి ఉంది. అందులో మూడు మాటలు పడితే గొప్ప. మిగిలింది ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా, ఇక్కడ పెడుతున్నాను. నా పేరు దాలమ్మ. పూడిమెట్ట ప్రాంతానికి ధరల గుమాస్తాని. ప్రతి మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి మణికట్టుకి చెవి కట్టుకుని సంతకి వెళతాను. చెవి అంటే మండలి ఇచ్చిన అగ్గిపెట్టెంత యంత్రం. అమ్మేవాళ్ళు చెప్పిన ధర వింటుంది. నేను డబ్బిచ్చి అంకె నొక్కుతాను. విన్నదీ నొక్కిందీ ఒకటైతే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఊరికే అడిగిన ధర పనికిరాదు, కొనాల్సిందే.

సంత పొద్దున్న ఏడున్నరకే ఎత్తేస్తారు. ఎనిమిది దాటాక ఆ ఎండలో మెట్ట మీద బయట తిరిగేవి గొట్టాలు తుడిచే యంత్రాలే. మనుషులు తిరిగితే మర్నాడు వాళ్ళ పేర్లు వార్డు గోడ మీద, చనిపోయినవాళ్ళ జాబితాలో కనిపిస్తాయి.

ఇదే రోజు, ఇవే సరుకులు, 212 ప్రాంతాల్లో నాలాంటివాళ్ళు కొంటారు. బుట్ట ఖరీదైన చోట జనానికి మండలి ఇచ్చే భత్యం ఎక్కువ, చవకైన చోట తక్కువ. ఇక్కడ అందరం ఆ భత్యం మీదే బతుకుతున్నాం. తిండి చవకైనప్పుడు తక్కువ డబ్బు సరిపోతుంది కదా, న్యాయంగానే ఉంది. కాకపోతే ఇంట్లో చల్లగది నడిపినందుకు కట్టే గంట డబ్బు మాత్రం ప్రపంచమంతా ఒకటే రేటు. నార్వేవాడికీ నాకూ గంట 400.

మా ఆయన అసిరినాయుడు ఒకప్పుడు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఇప్పుడు గుండె సగమే పనిచేస్తోంది. రోజుకి ఆరు గంటలు చల్లగదిలో పడుకుంటాడు, పదకొండు నుంచి ఐదు దాకా. ఇద్దరి భత్యం కలిపితే వచ్చేది ఆ ఆరు గంటలే. నేను నడవలో తడిగోనె కప్పుకుంటాను. అలవాటైపోయింది.

వారం 2, గురువారం

ముందస్తు అంచనా వచ్చింది. ప్రతి మూడు నెలలకీ ఆఖరి ఆరు వారాల ధరలు సగటు కట్టి కొత్త భత్యం వేస్తారు. మిగతా ప్రాంతాల్లో బుట్ట ఖరీదు పెరిగింది కాబట్టి, మా బుట్ట ఇలాగే ఉంటే పధ్నాలుగో వారం నుంచి మాకు భత్యం తగ్గుతుంది. లెక్క వేశాను. మా ఆయనకి నాలుగు గంటలు వస్తాయి. అప్పటికి అసలు ఎండాకాలం మొదలవుతుంది.

డాక్టరుకి ఫోను చేశాను. "ఐదుకి తగ్గితే నన్ను అడక్కండి" అన్నాడు. మంచివాడే.

సాయంత్రం రొసాలీతో మాట్లాడాను. ఆవిడ మారిషస్‌లో గుమాస్తా. మండలి ఇద్దరిద్దరిని జంట కడుతుంది, ఒకరి ధరల కాగితం ఒకరు సరిచూడాలి. ఆవిడ ముత్తాతలు మా వైపు నుంచే చెరకు తోటలకి వెళ్ళారట గానీ ఆవిడకి తెలుగు రాదు. మధ్యలో అనువాద యంత్రం పురాణం చెప్పే పంతులుగారిలా మాట్లాడుతుంది.

"దాలమ్మగారూ, మా బుట్ట 9,860. మీది 6,120. ఇంతటి వ్యత్యాసమేల? మీ విక్రేతలు మిమ్ములను ఎన్నడును పొమ్మనరా?"

"ఎందుకు పొమ్మంటారు?" అన్నాను.

"నన్ను ఐదు పర్యాయములలో రెండు పర్యాయములు పొమ్మందురు."

బేరం చేతకాక, అనుకున్నాను. పైకి అనలేదు. లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇది రాసిపెట్టడం ముఖ్యం.

వారం 4, మంగళవారం

ఆలస్యమైంది. నేను చెవి కట్టుకుంటుంటే మా ఆయన మంచం దిగబోయి తూలి కింద కూలబడ్డాడు. మొహం మీద నీళ్ళు కొట్టి, మాత్ర వేసి, తేరుకున్నాక బయల్దేరాను. సంతకి చేరేసరికి ఆరుంపావు.

మొదటి దుకాణం ఎప్పుడూ గురమ్మత్తదే. డెబ్బై ఏళ్ళుంటాయి. చుట్టం కాదు, కానీ సంతలో అందరికీ అత్తే. ఇంటి కప్పు మీద తొట్లలో వంకాయలు పండిస్తుంది. నాకంటే ముందు పల్లపు వీధి మనిషి ఒకావిడ బేరమాడుతోంది.

"నాలుగొందల నలభై. రూపాయి తగ్గదు" అంటోంది గురమ్మత్త.

ఆవిడ అరకిలో తీసుకుని గొణుక్కుంటూ పోయింది. గురమ్మత్త నన్ను చూసి పెద్దగా ఊపిరి వదిలింది.

"ఓలమ్మా, ఇంత లేటేటి? నువ్వు రానేదని మనసంతా గాబరాగుంది. అసిరినాయుడు బాగున్నాడా? ఇదిగో, తీసుకో. మూడొందల పది."

"అత్తా, ఇప్పుడే ఆవిడకి నాలుగొందల నలభై చెప్పినావు కదా?"

"ఆయమ్మకి రేటు సెప్పినాను. నీకేటి రేటు? నీది బోణీ సెయ్యి. నువ్వు పట్టుకెళ్ళిన రోజు నా గంప ఖాళీ అయిపోద్ది. నీకాడ లాభం సూసుకుంటే నా కళ్ళు పోతాయి."

"బోణీ అయిపోయింది కదా. ఆవిడ కొన్నాది కదా."

"నువ్వు ఎప్పుడొస్తే అప్పుడే నాకు బోణీ" అని గురమ్మత్త నవ్వింది.

ప్రతి కొనుగోలు తరవాత చెవి అమ్మినవాళ్ళని ఒకే ప్రశ్న అడుగుతుంది. మీ మీద ఒత్తిడి ఏమైనా ఉందా? "నేదు బాబూ" అంది గురమ్మత్త, ఎప్పట్లాగే దాని మీదికి వంగి, గట్టిగా. 310 అని నొక్కాను. ఆకుపచ్చగా వెలిగింది.

వారం 5, మంగళవారం

కావాలనే ఆరున్నరకి వెళ్ళాను. ప్రతి దుకాణం దగ్గరా పక్కన నిలబడి, ముందువాళ్ళకి ఏం చెబుతున్నారో విని, తరవాత అడిగాను. కందిపప్పు అందరికీ 1,280, నాకు 940. "నీకు కొన్న రేటే దాలమ్మప్పా, పైసా ఏసుకోను" అన్నాడు పప్పుల కొర్లయ్య. ఎండుచేపల పోలమ్మ అందరికీ 700 చెప్పే నెత్తళ్ళు నాకు 520కి పొట్లం కట్టింది. పధ్నాలుగు దుకాణాల్లోనూ ఇదే. నా చెయ్యి మంచిదట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పదకొండేళ్ళుగా సంతంతా నమ్ముతోంది.

ఇంటికొచ్చి అసలు ధరలతో బుట్ట కట్టాను. 8,700.

అంటే పదకొండేళ్ళుగా పూడిమెట్ట బుట్ట తప్పు. నలభై ఒక్క వేలమందికి రావాల్సిన భత్యం రాలేదు. మా ఆయనకి రోజుకి తొమ్మిది గంటలు రావాల్సింది. గురమ్మత్త రెండు గంటలతో నెట్టుకొస్తోంది, ఆవిడకి మూడున్నర రావాలి. పోయిన ఎండాకాలం వార్డు గోడ మీద అరవైమూడు పేర్లు పడ్డాయి. అందులో ఎన్ని నా వల్ల పడ్డాయో లెక్క కట్టే పద్ధతి నాకు తెలియదు.

నేను బేరంలో గట్టిదాన్ని అనుకున్నాను. వాళ్ళు నష్టానికి ఇస్తుంటే పుచ్చుకున్నాను, అంతే.

ఏడుపొస్తుందేమో అని కాసేపు కూర్చున్నాను. రాలేదు. చారు కాచాను. గిన్నెలు తోమాను. మా ఆయన ఉప్పు ఎక్కువైందన్నాడు. నీళ్ళు పోశాను.

వారం 6, శుక్రవారం

సోమవారం మండలికి రాశాను. నాకు చెప్పే ధరా జనానికి చెప్పే ధరా వేరు, విచారించండి అని. జవాబు వచ్చింది. గుమాస్తాకి చెప్పిన ధరే ధర. గుమాస్తాని మార్చమంటే మారుస్తారు, కానీ కొత్త మనిషి కుదిరేదాకా, అంటే ఆరు నెలలపాటు, పాత ధరలే కొనసాగుతాయి. మార్చాలంటే ఒకటి నొక్కండి, వద్దంటే రెండు నొక్కండి. రెండు నొక్కాను.

మంగళవారం నేరుగా అడిగి చూశాను.

"అత్తా, అందరికీ చెప్పిందే నాకూ చెప్పు. నాలుగొందల నలభై తీసుకో."

"ఇస్సీ! అదేటి మాట? నానేటి పాపం సేసినాను?"

"పాపం కాదు అత్తా. నా మాట విను. ఎక్కువ తీసుకో."

గురమ్మత్తకి కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. తన మీద నాకు కోపమొచ్చిందనుకుంది. చివరికి నా పోరు పడలేక నాలుగొందలంది. చెవి అడిగింది. ఒత్తిడి ఏమైనా ఉందా?

"ఒత్తిడి కాదు గానీ బాబూ, ఎక్కువ సెప్పమని ఆయమ్మే బతిమాల్తంది" అంది గురమ్మత్త.

ఎరుపు. ధర చెల్లదు, పోయిన వారానిదే ఉంటుంది. 310.

ఇలాంటి ఎరుపులు మూడు పడితే ప్రాంతం కాగితం మొత్తం ఏడాదిపాటు ఆపేస్తారు. ఒకటి పడింది. నాకు చెప్పే ధరని బట్టే అందరి భత్యం కడతారని గురమ్మత్తకి ఇంటి దగ్గర రహస్యంగా చెప్పి పెడదామా అని కూడా ఆలోచించాను. లాభం లేదు. మంగళవారం చెవి అడగ్గానే ఆవిడ అదీ చెప్పేస్తుంది. అబద్ధమాడితే కళ్ళు పోతాయి అనే మనిషి. మా ఆయనకి చెబితే మరీ ముప్పు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కిటికీలోంచి పోయేవాళ్ళని పిలిచి మరీ చెబుతాడు.

వారం 7, గురువారం

నడవలో తడిగోనె కింద కూర్చుని రొసాలీతో మాట్లాడాను. ఒక్కటే అడిగాను. మీ వాళ్ళు మీకు అందరి ధరే ఎలా చెబుతారు?

"ఏలయనగా నన్నెవరును ప్రేమింపరు" అంది యంత్రం. రొసాలీ నవ్వుతోంది, యంత్రం నవ్వడం లేదు. "పోయిన వారము ఒక చేపను చూచి ఇది కుళ్ళినదంటిని. అతడు కోపించి అందరి ధర చెప్పెను. బేరమున దూషణ సహజము. మండలివారు దానిని ఒత్తిడిగా ఎంచరు."

నియమాల పుస్తకం తెరిచి చూశాను. నిజమే. ధర పెంచమని అడగకూడదు. సరుకు బాగాలేదని అనవచ్చు. ఎంత గట్టిగానైనా అనవచ్చు.

సగటు కట్టే ఆరు వారాలు వచ్చే మంగళవారమే మొదలవుతాయి.

వారం 8, మంగళవారం

నాలుగున్నరకే వెళ్ళాను. గురమ్మత్త నన్ను చూసి గోనె సర్దింది.

"రా తల్లీ, కూకో. అసిరినాయుడెలగున్నాడు?"

కూర్చోలేదు. గంపలోంచి ఒక వంకాయ తీసి అటూ ఇటూ తిప్పాను. నున్నగా నిగనిగలాడుతోంది. తాగే నీళ్ళలో సగం ఆ మొక్కలకి పోసి పెంచుతుందని నాకు తెలుసు.

"ఇయ్యి వంకాయలేటి? అన్నీ పుచ్చులే" అన్నాను.

నవ్వింది. "ఏటే పిల్లా, ఇంట్లో గొడవేటి? పొద్దున్నే నా మీద పడ్డావు?"

"ఇన్నాళ్ళూ మొగమాటానికి కొన్నాను. కూరొండితే మా ఆయన ఉమ్మేస్తన్నాడు. ముసల్దానివి, సేతకాకపోతే మానెయ్యి. జనానికి ఈ చెత్త అంటగట్టడమెందుకు?"

పక్కన పోలమ్మ చేపలు పేర్చడం ఆపింది. గురమ్మత్త నా చేతిలోంచి వంకాయ తీసుకుని కొంగుతో తుడిచి గంపలో పెట్టింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది. నేను కూడా చూశాను. కళ్ళు దించుకుంటే ఆవిడకి అర్థమైపోతుందని భయం.

"అయితే కొనకులే, ఎల్లు" అంది.

"కొనకపోతే నాకు కుదరదు. రేటెంతో చెప్పు."

"రేటా? నాలుగొందల అరవై. అందరికీ అదే. నీకూ అదే."

ఇచ్చాను. చెవి అడిగింది.

"నాకు ఒత్తిడేటి? ఆయమ్మ నోటికి నా కాడ ఇదే రేటు."

ఆకుపచ్చ.

మిగతా పదమూడు దుకాణాల్లో తొమ్మిదింట గొడవపడ్డాను. ఏడున్నరైపోయింది. నాలుగు మిగిలాయి. ఇంటికొచ్చాక చేతులు కాసేపు బియ్యం డబ్బాలో పెట్టుకున్నాను. బియ్యం చల్లగా ఉంటుంది.

వారం 10, మంగళవారం

ఇప్పుడు పధ్నాలుగూ పూర్తవుతున్నాయి. సోమవారం వెల్లుల్లి ఒలుస్తూ ఎవర్ని ఏమనాలో ముందే అనుకుంటాను. ఒకరిని అన్న మాట ఇంకొకరికి పనిచేయదు. పోలమ్మని చేపల గురించి ఎంతన్నా దులిపేసుకుంటుంది, శుభ్రం లేదంటే మాత్రం భగ్గుమంటుంది. ఉల్లిపాయల ఆయనకి పక్క దుకాణంతో పోలిస్తే చాలు.

కొర్లయ్య చాలా ఇబ్బంది పెట్టాడు. పప్పులో రాళ్ళన్నాను. ఏరి ఇస్తానన్నాడు. పురుగులన్నాను. "అయితే తొమ్మిదొందలియ్యి అప్పా" అని ఇంకా తగ్గించాడు. కోపం రాని మనిషితో చాలా కష్టం. చివరికి, నీ తండ్రి ఉన్నప్పుడు ఈ దుకాణానికి పరువుండేది అన్నాను. పొట్లం కట్టే చెయ్యి ఆగిపోయింది.

"పన్నెండొందల ఎనభై, అమ్మగారూ" అన్నాడు. అప్పా అనలేదు.

బుట్ట 8,790.

వారం 11, బుధవారం

మా ఆయనకి తెలిసిపోయింది. ఆయన మంచం పక్కన కిటికీ వీధిలోకి ఉంటుంది. మెట్ట మీది వార్తలన్నీ అందులోంచే వస్తాయి.

"గురమ్మని ఏడిపించినావంట" అన్నాడు.

"ఎవురన్నారు?"

"ఎవురైతేనేటి? నిజమా కాదా?"

"వంకాయలు బాగోనేదన్నాను. అంతే."

"నిన్న తిన్నాం కదే. ఎన్నలాగున్నాయి." నా వైపు తిరిగి, "నీకేటైనాది దాలీ? నువ్విలాగుండేదానివి కాదు" అన్నాడు.

ఆయనకి నా మీద అసహ్యం కలగడం మొదలైందని అర్థమైంది. బాధ వేసింది. వారాల తరబడి ఏమీ అనిపించకుండా ఉన్నదానికి, బాధ వేయడం ఒకరకంగా నయం. అదీ పది నిమిషాల్లో పోయింది.

వారం 14, సోమవారం

కొత్త భత్యం వేశారు. 212 ప్రాంతాల వరసలో పూడిమెట్ట అరవైనాలుగు స్థానాలు పైకి వెళ్ళింది. మండలి ఇన్నాళ్ళూ తక్కువిచ్చిన డబ్బు తిరిగి ఇవ్వదు. పెంపు కూడా ఒక్కసారిగా ఇవ్వదు, మూడు నెలలకి కొంత చొప్పున పెంచుకుంటూ పోతుంది. మధ్యలో బుట్ట తగ్గితే మళ్ళీ కిందికి. ప్రస్తుతానికి మా ఆయనకి ఏడు గంటలు.

వీధిలో జనం తలుపులు తీసి ఒకరినొకరు పిలుచుకున్నారు. ఎందుకు పెరిగిందో ఎవరికీ తెలియదు. నార్వేలో ఏదో జరిగి ఉంటుందని ఎవరో అన్నారట, అందరూ అదే చెప్పుకుంటున్నారు.

గురమ్మత్తకి రెండున్నర గంటలు వచ్చి ఉంటాయి. వెళ్ళి చూడాలనిపించింది. వెళ్ళలేదు.

పదింటికే మా ఆయన్ని చల్లగదిలోకి పంపాను. తలుపు వేసుకుంటూ "నువ్వూ రా, ఇద్దరం పడుకుందాం" అన్నాడు. ఇద్దరు వెళితే గంటకి రెండు గంటల రేటు. పనుందని చెప్పాను.

వారం 15, మంగళవారం

వంకాయలు కిలో 520. డబ్బిచ్చి పక్కకి జరిగితే నా వెనకావిడకి 440 చెప్పింది గురమ్మత్త. నాకు వినపడాలనే చెప్పింది. పోలమ్మ 700 నెత్తళ్ళు నాకు 780కి కట్టింది. కొర్లయ్య 1,350.

ఇప్పుడు అందరి కంటే నాకే ఎక్కువ. పదకొండేళ్ళు ఒక వైపు తప్పు రాశాను, ఇప్పుడు రెండో వైపు తప్పు రాస్తున్నాను. గుమాస్తాకి చెప్పిన ధరే ధర. నొక్కాను.

సాయంత్రం రొసాలీ అడిగింది. "మీ ధరలు పెరిగినవి. కారణమేమి?"

"వాళ్ళకి నేనంటే పడటంలేదు."

"ఆహా. అయితే మీరును మాలో కలిసితిరి" అంది యంత్రం. ఈసారి రొసాలీ నవ్వలేదు. ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు. నా కాగితం మీద సరి అని సంతకం పెట్టింది.

వారం 17, మంగళవారం

గోడ మీద ఈ వారం రెండు పేర్లు. పోయిన ఏడాది ఇదే వారం పదకొండు. పాత జాబితా తీసి సరిచూసుకున్నాను.

సంతలో నేను వస్తుంటే మాటలు ఆగిపోతాయి. నేను వెళ్ళాక మళ్ళీ మొదలవుతాయి. తిట్టడానికి కొత్త మాటలు దొరకడం లేదు. ఈ వారం పాతవే వాడాను. కొందరికి కోపం తగ్గుతున్నట్టుంది. పోలమ్మ 740 అంది. కొర్లయ్య 1,300. జనం ఎంతకాలమని కోపంగా ఉంటారు? మొదటిసారి భయమేసింది.

వారం 18, మంగళవారం

గురమ్మత్త దూరం నుంచే నన్ను చూసింది. మొహం తిప్పుకోలేదు. గంప పక్కన గోనె పరిచింది.

"ఓలమ్మా, ఇలగ రా. ఏటిలాగ సిక్కిపోనావు? తిండి తింతన్నావా?"

నేను నిలబడ్డాను.

"అసిరినాయుడు మా ఇంటికి మనిసిని పంపినాడు. నీకు ఒంట్లో బాగోనేదంట, మనసు బాగోనేదంట, ఏటీ అనుకోవద్దని కబురెట్టినాడు. నానేటనుకుంటాను? కూతురు తిట్టిందని తల్లి అలిగి కూకుంటాదా?" నా చెయ్యి పట్టుకుంది. చెవి కట్టిన చెయ్యే. "నాకూ భత్యం పెరిగినాది. మజ్జాన్నం పూట హాయిగా కునుకు తీస్తన్నాను. ఇక నీ మీద కోపమెందుకు? పాతయి వొదిలెయ్యి. ఇదిగో, కిలో ఏస్తన్నాను. మూడొందలియ్యి సాలు. బోణీ సెయ్యి."

పోలమ్మ నవ్వుతూ చూస్తోంది. కొర్లయ్య కూడా తల ఎత్తాడు. పదిమంది చూస్తున్నారు. గురమ్మత్త క్షమిస్తే వచ్చేవారం అందరూ క్షమిస్తారు. బుట్ట మళ్ళీ ఆరువేలకి వస్తుంది. ఆవిడ మధ్యాహ్నపు కునుకు పోతుంది. మా ఆయనకి నాలుగు గంటలు.

నాకు ఆ గోనె మీద కూర్చోవాలనిపించింది. అంత గట్టిగా నాకు ఏదీ కావాలనిపించి చాలా కాలమైంది.

వంకాయలు బాగోలేదంటే ఇక పనిచేయదు, ఆ మాట అరిగిపోయింది. చెయ్యి విడిపించుకున్నాను.

"ఇప్పుడు తెలిసింది" అన్నాను, అందరికీ వినపడేలా. "పదకొండేళ్ళు నాకు తక్కువకెందుకిచ్చావో. రేటు తగ్గించినట్టే తగ్గించి కాటాలో కొట్టేస్తన్నావు. నీ బోణీ మాటలు నమ్మి ఎంత పోగొట్టుకున్నానో."

ఎవరూ కదల్లేదు.

గురమ్మత్త కవర్లో వేసిన వంకాయలు ఒక్కొక్కటే తీసి, పదిమందీ చూస్తుండగా మళ్ళీ కాటా మీద పెట్టింది. ఒక కాయ జారి కింద పడింది. దాన్నీ తీసి పెట్టింది. కాటా మీద ఒక కిలో రెండొందల గ్రాములు కనపడింది. కిలోకి డబ్బు తీసుకుని, నాకెప్పుడూ అంతే వేసేదట. వెనకెవరో ఆ మాట అన్నారు.

ఆ రెండొందల గ్రాములూ తీసి గంపలో వేసింది. కాటా సరిగ్గా కిలో చూపించేదాకా ఇంకో చిన్న కాయ మార్చింది.

"ఐదొందల అరవై" అంది.

ఇచ్చాను. చెవి అడిగింది. మీ మీద ఒత్తిడి ఏమైనా ఉందా?

"నేదు" అంది. బాబూ అనలేదు.

560 అని నొక్కాను. ఆకుపచ్చగా వెలిగింది. గురమ్మత్త పరిచిన గోనె మడిచి గంప కిందికి తోసి, నా వెనకావిడని, "నీకేటి కావాలమ్మా?" అని అడిగింది.